మీసం రాలేదు సరే, ఇంగువ వాసన తెలుస్తోందా?

చెల్లీ, 16 నిండినా మీవాడికి నూనూగు మీసమైనా రాలేదని, గొంతు మారలేదని దిగులుపడుతున్నావు కదూ. ఒక్క మాట అడుగుతా, నవ్వకు. పొయ్యి మీద పాలు మాడితే వాడికి తెలుస్తుందా? పోపులో ఇంగువ పడితే పసిగడతాడా? పుట్టినప్పటినుంచీ వాసన ఎరగనివాడికి అదొక లోటని తోచదు, నువ్వే కనిపెట్టాలి.

మీసానికీ ముక్కుకీ లంకె ఏమిటంటావా? ఉంది. మెదడు అడుగున హైపోథలామస్‌లో కొన్ని కణాలు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను వదులుతాయి. దాంతో పిట్యూటరీ గ్రంథి మేలుకుంటుంది, అది పురమాయిస్తే వృషణాలు టెస్టోస్టిరోన్ తయారుచేస్తాయి. విచిత్రమేమిటంటే ఆ కణాలు పుట్టేది మెదడులో కాదు, పిండం ముక్కు దగ్గర! వాసన నరాల వెంబడి పాక్కుంటూ మెదడుకు చేరతాయి. ఆ దారి సరిగా పడకపోతే వాసనా తెలియదు, యవ్వనమూ రాదు. దీన్నే కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. ఇది కుటుంబాల్లో వస్తోందని 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ రాశాడు.

దీనికి కారణమని 1991లో మొదట దొరికిన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. తల్లికి ఎక్స్‌లు రెండు కాబట్టి ఒకటి చెడినా ఆవిడకు తెలియదు. కొడుక్కి ఉన్నది ఒక్కటే, అదీ అమ్మ ఇచ్చిందే. ఇది విని మీ అత్తగారు "అంతా మీ పుట్టింటి నుంచే" అంటే పడి ఊరుకోకు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్1 లాంటి వేరే జన్యువుల్లో లోపం తండ్రి నుంచీ రావచ్చు, ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగానూ మొదలుకావచ్చు.

ఈ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మూత్రపిండం ఒకటే ఉంటుంది. ఇంకొందరు కుడిచేత్తో బొత్తాం పెట్టుకుంటుంటే ఎడమచేతి వేళ్ళూ వాటంతటవే కదులుతాయి.

అలాగని హడలిపోకు. ఆలస్యంగా ఎదిగే మగపిల్లల్లో ఎక్కువమందికి ఏ జబ్బూ ఉండదు. మీ ఆయన్నో మీ తమ్ముణ్ణో అడుగు, తమకూ ఆలస్యమే అంటారేమో. కానీ 14 నిండినా మార్పు మొదలుకాకపోతే ఎండోక్రైనాలజిస్టుకి చూపించాలి. పొద్దున పూట రక్తం తీసి టెస్టోస్టిరోన్, పిట్యూటరీ వదిలే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చూస్తారు. కాల్‌మన్ అయితే టెస్టోస్టిరోన్ ఇంజెక్షన్లతో మీసం, గొంతు, ఎముకల బలం వస్తాయి. వీర్యకణాలు మాత్రం వాటితో రావు. పిల్లలు కావాలనుకున్నప్పుడు హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు వేరే ఉన్నాయి, చాలామందికి పనిచేస్తాయి.

"పెళ్ళి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అనే పెద్దమనుషుల మాట మాత్రం చెవిన పెట్టకు. లేని హార్మోను మూడుముళ్ళతో రాదు, పైగా వచ్చే పిల్ల ఏ పాపం చేసింది? ముందు వైద్యం చేయించు. సంబంధాలు ఆ తర్వాత చూడొచ్చు.