తెరపై తిరుగు ఘనము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందు వేరుసెనగ పంట చేతికి వచ్చినపుడు రైతులు కాయలను కళ్లములలో శంఖువువలె రాశి పోయుదురు. ఆ రాశి ఘనపరిమాణమెంత? అదే పాదమును అదే ఎత్తును గల స్థూపములో మూడవ వంతు.

త్రిభుజమునకు సగము కదా, దీనికి మూడవ వంతేల? ఈ సందేహము సహజమైనది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున పిరమిడు విషయమునను సగమనియే చెప్పబడినది. 628లో బ్రహ్మగుప్తుడు దానిని మూడవ వంతుగా సరిగా నిర్ణయించెను. మహాపండితునికే తప్పిన లెక్క నల్లబల్లమీది చదునైన బొమ్మవలన విద్యార్థులకు సులభముగా బోధపడునా?

ఇట్టిచోట జియోజీబ్రా అను సాధనము తోడ్పడును. దీనిని 2001లో ఆస్ట్రియా దేశమున మార్కస్ హోహెన్‌వార్టర్ ప్రారంభించెను. ఇది విద్యార్థులకు వెల లేకయే లభించును. 2014 నుండి ఇందు ఘనరూపములను సైతము గీయవచ్చును.

విద్యార్థులారా! అందొక సమఘనమును గీయుడు. ఒక శీర్షము నెన్నుకొనుడు. దానిని తాకని ముఖములు మూడు. ఒక్కొక్క ముఖము పాదముగా, ఆ శీర్షమే కొనగా మూడు పిరమిడులు నిర్మింపుడు. వేరువేరు రంగులు వేసి, ఘనమును త్రిప్పి చూడుడు. మూడును సర్వసమానములు, మూడును చేరి ఘనమును పూర్తిగా నింపును. కావున ఒక్కొక్కటి మూడవ వంతు.

కంప్యూటరు లేనిచో ధర్మవరపు చీరల అట్టపెట్టెను కత్తిరించి ఈ మూడింటిని చేసికొనవచ్చును.

పిరమిడు పాదమునకు భుజములు పెంచుచు పోయినచో అది క్రమముగా శంఖువును సమీపించును. ఈ నియమము అన్నిటికిని వర్తించునని పైతరగతులలో నిరూపింతురు. తెర చూపునదే కాని నిరూపించునది కాదు. చూచినదానికి కారణము వెదకుటయే గణితము.