వర్షాధార పరిశోధనకు విత్తన నిధి: పప్పుశనగ కోత నేర్పే పాఠం

విశ్వవిద్యాలయం తన సొంత వనరుల నుంచి శాస్త్రవేత్తలకు ప్రాథమిక పరిశీలనల కోసం ఇచ్చే చిన్న మొత్తాన్ని విత్తన నిధి అంటారు. బయటి సంస్థకు ప్రతిపాదన పంపాలంటే ప్రాథమిక దత్తాంశం చూపాలి. ఆ దత్తాంశం సేకరించడానికి డబ్బు ఉండదు. ఈ ముడిని విప్పడమే దాని ప్రయోజనం. అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాల వ్యయంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరిస్తాయి. అయితే వాటి ప్రయోగాలు చాలావరకు జాతీయ స్థాయిలో ముందే నిర్ణయమవుతాయి. ఒక మండలంలోని రైతులు లేవనెత్తిన సమస్యకు వాటిలో చోటు దొరకడం అరుదు.

పప్పుశనగ కోత అటువంటి సమస్యే. కర్నూలు, నంద్యాల జిల్లాల నల్లరేగడి నేలల్లోను, కడప జిల్లా జమ్మలమడుగు పరిసరాల్లోను ఈ పంట రబీలో నేలలో నిలిచిన తేమ మీదనే పండుతుంది. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కృషితో వచ్చిన జె.జి.11 రకం దీని విస్తరణలో పెద్ద పాత్ర వహించింది. కోత మాత్రం కూలీల చేతుల మీదనే మిగిలింది. జె.జి.11 మొక్క పొట్టిది. కొమ్మలు పక్కలకు వాలుతాయి, కాయలు నేలకు దగ్గరగా ఉంటాయి. కోత యంత్రపు కత్తులను అంత కిందికి దించితే మట్టిపెళ్ళలు వస్తాయి, పైకెత్తితే కాయలు చేలోనే మిగులుతాయి. పైగా ఆకుల నూగు స్రవించే మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలకు మొక్కలు పీకే స్త్రీల చేతులు మండుతాయి. దిగుబడి పట్టికల్లో ఈ మంటకు గడి లేదు.

1906లో నెలకొన్న నంద్యాల పరిశోధన స్థానం రూపొందించిన ఎన్.బి.ఇ.జి.47 రకం, అనగా ‘ధీర’, నిటారుగా ఎత్తుగా పెరిగి, కాయలను నేలకు ఎడంగా కాస్తుంది. యంత్రంతో కోయడానికి అనువైనది. సంకరణం మొదలు విడుదల వరకు ఒక రకానికి సుమారు పదేళ్ళు పడుతుంది. అంత భారాన్ని విత్తన నిధి మోయజాలదు. అది మోయగలిగింది తొలి అడుగునే. నూరు జన్యుద్రవ్య నమూనాలను ఒక రబీలో విత్తి, మొదటి కాయ నేలకు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదో కొలవడానికి కొద్దిపాటి భూమి, ఇద్దరు కూలీలు, ఒక కొలబద్ద చాలు. ఓపిక మాత్రం నిధితో రాదు.

అసలు చిక్కు మొత్తంలో కన్న కాలంలో ఉంది. శనగను అక్టోబరు–నవంబరులో విత్తి, జనవరి–ఫిబ్రవరిలో కోస్తారు. మంజూరు ఉత్తర్వు డిసెంబరులో అందితే అదను దాటిపోతుంది. మార్చి 31లోగా ఖర్చు చూపవలసి ఉన్నందున నిధి సామగ్రి కొనుగోలుకు మళ్ళుతుంది. వర్షాధార ప్రాంతంలో ఒక్క ఏడాది ఫలితం ఆ ఏడాది వానను గూర్చి చెప్పినంతగా రకాన్ని గూర్చి చెప్పదు. కనుక మంజూరు సెప్టెంబరులోపు జరగాలి, నిధి కనీసం రెండు రబీలకు వర్తించాలి, మిగులు మరుసటి ఏడాదికి కొనసాగాలి. కరువులో ఎండిన మడిని విఫల ప్రయోగంగా లెక్కించరాదు; బెట్టను తట్టుకొనే గుణం తెలిసేది అక్కడే.

యంత్రం కోత సమస్యను తీర్చి మరొకదాన్ని తెచ్చింది. చేతికోతలో కళ్ళానికి చేరిన శనగ పొట్టు గొర్రెల మేతకు అక్కరకు వచ్చేది. యంత్రం వెనుక అది చేలో చెదిరిపోతుంది. ఎకరాకు ఎంత మేత పోతున్నది, దాన్ని తిరిగి పోగుచేయడానికి అయ్యే ఖర్చు ఎంత అనే లెక్కను ఒక విద్యార్థి రెండు రబీల్లో తేల్చగలడు.