ఇంటిలోని మిగులు గదిలో పుట్టగొడుగుల పెంపకం: గది పరిశీలన ఆవశ్యకత

వరి గడ్డి అందుబాటులో ఉండి, ఇంటిలో ఒక గది ఖాళీగా ఉన్న కుటుంబానికి పుట్టగొడుగుల పెంపకాన్ని సూచించడం విస్తరణ కార్యక్రమాలలో పరిపాటి అయినది. పెట్టుబడి తక్కువ, సాగుభూమి అవసరం లేదు, మహిళలు ఇంటి పట్టున ఉండి చేపట్టగలరు అనే మూడు కారణాలను శిక్షణలలో తరచుగా చెబుతాము. ఈ మూడూ వాస్తవమే. అయితే శిక్షణలో గది అనగా కేవలం కొలతలుగా మిగిలిపోతున్నది. ఆ గది ఎవరి పడక గదికి ఆనుకొని ఉన్నది, దానిలోని గాలి ఏ వైపునకు పోతుంది, సంవత్సరంలో ఏయే నెలలలో అది నిజంగా ఖాళీగా ఉంటుంది అనే ప్రశ్నలు అరుదుగా వినబడతాయి. పంటను ఎంపిక చేయడానికి ముందే గదిని పరిశీలించాలనీ, కొన్ని ఇళ్లకు ఈ పంటను సూచించకపోవడమే సరైన సలహా అవుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

గది ఎప్పుడు ఖాళీ?

గ్రామీణ గృహాలలో పన్నెండు నెలలూ ఖాళీగా ఉండే గది చాలా అరుదు. కోతల తరువాత ధాన్యం బస్తాలు, పండుగలకు వచ్చే బంధువులు, పురిటికి పుట్టింటికి వచ్చే కుమార్తె, వచ్చే పంటకు దాచిన వేరుశనగ విత్తన కాయలు, అన్నీ ఆ ఒక్క గదినే ఆశ్రయిస్తాయి. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు 20 నుండి 28 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 80 నుండి 90 శాతం గాలిలో తేమ అనుకూలం. మన ప్రాంతంలో అధిక వ్యయం లేకుండా ఈ ఉష్ణోగ్రత లభించేది ప్రధానంగా నవంబరు నుండి ఫిబ్రవరి వరకు. ఖరీఫ్ ధాన్యం ఇంటికి చేరేదీ, సంక్రాంతికి చుట్టాలు వచ్చేదీ అప్పుడే. స్పాన్ వేసిన నాటి నుండి చివరి కోత వరకు సుమారు 45 నుండి 60 రోజులు గదిని వేరే అవసరానికి ఇవ్వడం సాధ్యం కాదు. ధాన్యాన్నీ పుట్టగొడుగులనూ ఒకే గదిలో ఉంచితే ఆ తేమకు ధాన్యం బూజు పడుతుంది.

వేసవిలో గది ఖాళీ అయ్యే ఇళ్లకు పాల పుట్టగొడుగులు మేలు. ఇవి 30 నుండి 35 డిగ్రీల వద్ద పెరుగుతాయి. అయితే బెడ్లపై కేసింగ్ మట్టి వేయాలి, అందువలన పని కొంత పెరుగుతుంది. తీవ్రమైన ఎండల కాలంలో రేకుల కప్పు గల గదిలో ఇవి కూడా నిలువవు. కనుక గది ఏ నెలలలో ఖాళీ అన్నది ఇంటి పెద్దావిడను అడిగి వ్రాసుకొనిన తరువాతనే పంట రకం గురించి మాట్లాడడం మంచిది. యజమాని చెప్పే సమాధానానికీ ఆమె చెప్పే సమాధానానికీ తేడా ఉండడం సహజం. గదిని సర్దేది ఆమె కదా.

గాలి, సిద్ధబీజాలు

ఈ అంశంపై కొంత విస్తారంగా చెప్పవలసి ఉన్నది. పుట్టగొడుగుల బెడ్లు మనవలెనే ప్రాణవాయువును తీసుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. శిలీంద్ర తంతువులు గడ్డిలో వ్యాపించే తొలి 15 నుండి 20 రోజులు గది మూసి ఉన్నా నష్టం లేదు. మొగ్గలు తొడిగే దశలో మాత్రం తాజా గాలి తప్పనిసరి. గాలి చాలని గదిలో కాడలు పొడవుగా సాగి, గొడుగులు చిన్నవిగా మిగులుతాయి. ఆకృతిని చూచి గాలి లోపాన్ని గుర్తించడం విద్యార్థులు తప్పక నేర్వవలసిన విషయం. పుస్తకం చదువుకోగలిగినంత వెలుతురు కూడా ఈ దశలో అవసరం.

కనుక కిటికీలు తెరవమని సలహా ఇస్తాము. అక్కడే అసలు సమస్య మొదలవుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పక్వానికి వచ్చిన కొద్దీ గొడుగు అడుగున ఉన్న రేకుల నుండి కంటికి కనబడనంత సూక్ష్మమైన సిద్ధబీజాలను పెద్ద సంఖ్యలో వదలుతాయి. గది తలుపు వసారాలోకో, పడక గదిలోకో తెరచుకుంటే ఇవి ఇంటి గాలిలో కలుస్తాయి. వీటిని దీర్ఘకాలం పీల్చిన వారిలో కొందరికి ఉబ్బసం వంటి లక్షణాలు, మరికొందరికి ఊపిరితిత్తులలో అతిస్పందన వలన కలిగే వాపు వస్తాయి. ఈ రెండవ జబ్బులో గదిలో పనిచేసిన కొన్ని గంటల తరువాత పొడి దగ్గు, చలి, జ్వరం, ఛాతీ బిగుతు కనబడి, గదికి దూరంగా ఉంటే తగ్గిపోతాయి. సాయంత్రం వచ్చి మరునాటికి తగ్గే జ్వరాన్ని ఎవరూ పుట్టగొడుగులతో ముడిపెట్టరు. జలుబనో, మంచు పడలేదనో సరిపెట్టుకుంటారు. మళ్లీ మళ్లీ వాటి బారిన పడితే ఊపిరితిత్తులకు శాశ్వత నష్టం కలుగవచ్చు. కాబట్టి ఇటువంటి లక్షణాలు ఉన్నవారు వైద్యుని వద్దకు వెళ్లినపుడు తాము చేస్తున్న పనిని గురించి చెప్పాలని శిక్షణలోనే తెలియజేయాలి.

నివారణ కష్టమేమీ కాదు. గొడుగు అంచు లోపలికి వంగి ఉన్నపుడే, అంటే అంచు పలుచబడి పైకి లేవకముందే కోయాలి. ఈ దశలో కోసిన పుట్టగొడుగులకు మార్కెట్టులో నిలువ గుణమూ ఎక్కువే. కోతకు వెళ్లే ముందు కొంతసేపు కిటికీలు తెరచి ఉంచి, ముక్కుకు తగిన మాస్కు ధరించాలి. సాధారణ చేతిరుమాలు ఇంత సూక్ష్మ కణాలను ఆపలేదు. గాలిని బయటకు నెట్టే ఫ్యాను ఇంటివారు తిరిగే వైపు కాక పెరటి వైపు ఉండాలి. ఇంటి లోపలికి తెరచుకునే తలుపు తప్ప వేరే ద్వారం లేని గది అయితే, లేదా ఇంటిలో ఉబ్బసం రోగి, పసిబిడ్డ ఉంటే, ఆ గదికి ఈ పంట వద్దని చెప్పడానికి శాస్త్రవేత్త సంకోచించరాదు. పెరటిలో గడ్డితో వేసిన చిన్న పాక అటువంటి ఇంటికి మేలైన ప్రత్యామ్నాయం.

బరువు, తడి, మందులు

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదిని తీసుకుందాం. నడవడానికి మూడవ వంతు స్థలం వదిలితే 80 చదరపు అడుగులు మిగులుతాయి. రెండడుగుల ఎడంతో తాళ్లు కట్టి, ఒక్కొక్క తాడుకు నాలుగు బెడ్ల చొప్పున వ్రేలాడదీస్తే 80 బెడ్లు పడతాయి. బెడ్డుకు ఒక కిలో ఎండు గడ్డి, తడిసిన తరువాత 70 శాతం తేమ అనుకుంటే ఒక్కొక్కటి సుమారు 3.3 కిలోలు, మొత్తం 264 కిలోలు. పాత మిద్దె దూలాలపైన, ఫ్యాను కొక్కేలపైన ఈ బరువు వేయరాదు. నేలపై నిలిచే వెదురు చట్రమే క్షేమం. బెడ్డుకు 500 నుండి 700 గ్రాముల దిగుబడి వచ్చినా ఈ గది నుండి ఒక విడతలో 40 నుండి 56 కిలోల పుట్టగొడుగులు వస్తాయి. వీటిని ఒక్కరోజు కూడా నిలువ ఉంచలేని ఊరిలో అమ్మకం ఏర్పాటు లేకుండా 80 బెడ్లు వేయించడం నాకు సమ్మతం కాదు. 20 బెడ్లతో మొదలుపెట్టడం మంచిది.

రోజుకు రెండు మూడు మార్లు నీరు చిలికే గదిలో స్విచ్ బోర్డు ప్రమాదకరం. దానిని గది బయటకు మార్పించాలి, లేదా ఆ గదికి విద్యుత్తును నిలిపివేయాలి.

గడ్డి శుద్ధికి 100 లీటర్ల నీటిలో 7.5 గ్రాముల కార్బెండజిమ్, 125 మిల్లీలీటర్ల ఫార్మాలిన్ కలిపి 16 నుండి 18 గంటలు నానబెట్టే పద్ధతి సిఫారసులో ఉన్నది. ప్రత్యేకమైన షెడ్డులో అది అనువైనదే కావచ్చు. నివాస గృహంలో మాత్రం ఫార్మాలిన్ ఉపయోగించకుండా, 80 డిగ్రీల వేడి నీటిలో సుమారు ఒక గంట ఉంచే పద్ధతినే నేను సూచిస్తాను. వంటచెరకు ఖర్చు కొంత అవుతుంది. అయితే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించినది. వంట గది పక్కన ఆ ద్రావణాన్ని రాత్రంతా మూత లేకుండా ఉంచడం సమర్థనీయం కాదు. అదే విధంగా పురుగు మందుల డబ్బాలు ఈ గదిలోనికి రానే కూడదు. ఈగల నివారణకు కిటికీలకు సన్నని నైలాన్ వల, వెలుతురుకు ఆకర్షితమయ్యే పురుగులకు జిగురు అట్టలు సరిపోతాయి.

చివరి కోత ముగిసిన రోజునే వాడిన బెడ్లను గది నుండి తీసివేసి, ఇంటికి దూరంగా కంపోస్టు గుంటలో వేయాలి. పెరటి గోడ పక్కన కుప్ప పోస్తే ఆ గడ్డిలోని ఈగలు, బూజు మళ్లీ గదిలోకే వస్తాయి. గోడలకు సున్నం వేయించి, తలుపులూ కిటికీలూ తెరచి 10 నుండి 15 రోజులు గదిని పూర్తిగా ఆరనిచ్చిన తరువాతనే దానిలో విత్తనం నిలువ చేయడానికి గాని, ఎవరైనా పడుకోవడానికి గాని ఇవ్వాలి.