కందికి ఎన్ని పేర్లు: వికారాబాద్, తాండూరు ప్రాంత గ్రంథాలయ శిక్షణార్థులకు ఆన్‌లైన్ సాధనాల వినియోగం

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. సున్నపురాతి పొరలపై ఏర్పడిన లోతైన నల్లరేగడి నేలలు, కాగ్నా నది పరీవాహక ప్రాంతపు వాతావరణం ఈ కందికి ప్రత్యేకతను ఇచ్చాయి. తాండూరులో విశ్వవిద్యాలయ పరిధిలోని వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది; కంది, కుసుమ పంటలపై అక్కడ పరిశోధనలు జరుగుతున్నాయి. అదే రైలు మార్గంలో సుమారు నలభై కిలోమీటర్ల దూరాన, 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాకు కేంద్రమైన వికారాబాద్ ఉంది. పరిశోధనా స్థానంలో పుట్టిన సమాచారం ప్రజా గ్రంథాలయంలో కూర్చున్న పాఠకుని చేతికి అందడానికి ఈ దూరం అడ్డు కాదు. ఆ సమాచారం ఏ పేరుతో నమోదై ఉందో తెలియకపోవడమే అసలు అడ్డంకి. గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పొంది శిక్షణలో ఉన్న గ్రంథపాలకులు ఆన్‌లైన్ సాధనాలను ఏ దృష్టితో అభ్యసించాలన్న ప్రశ్నకు ఈ అడ్డంకి నుంచే సమాధానం వెతకడం సమంజసం.

సాధారణంగా ఇటువంటి శిక్షణ సాధనాల పరిచయంతో మొదలై, సాధనాల పరిచయంతోనే ముగుస్తుంది. దీనికి ప్రసిద్ధమైన నమూనా 2006లో అమెరికాలోని షార్లెట్ నగర ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లోవర్స్ రూపొందించిన కార్యక్రమం. సిబ్బంది తమంతట తాము, తమ వేగంతో, 23 అంశాలను చేసి చూసి నేర్చుకోవాలన్నది దాని పద్ధతి. ఈ ఆలోచన అనేక దేశాల గ్రంథాలయాలకు వ్యాపించింది. 2011లో బ్రిటన్‌లో గ్రంథపాలకుల వృత్తి వికాసానికే ప్రత్యేకంగా ఇదే తరహాలో 23 అంశాల పాఠ్యక్రమం నడిచింది. చేసి నేర్చుకోవడం అన్న సూత్రం నేటికీ విలువైనదే. అయితే ఆనాటి పాఠాలలో ప్రముఖంగా కనిపించిన గూగుల్ రీడర్ 2013లో మూతపడింది. ఆ మీటలు ఎక్కడున్నాయో కంఠస్థం చేసినవారికి మిగిలింది తక్కువ. సమాచారాన్ని ఎంపిక చేసి వరుసగా తెప్పించుకోవడం ఎలాగో గ్రహించినవారికి నష్టం లేదు.

ఎవరికి ఏది అందుబాటులో ఉంది

శిక్షణార్థి మొట్టమొదట తెలుసుకోవలసింది తలుపులు ఎవరికి తెరిచి ఉన్నాయన్న సంగతి. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2007లో ప్రారంభించిన ‘సెరా’ అనే ఎలక్ట్రానిక్ వనరుల సమాఖ్య ద్వారా వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పరిశోధనా సంస్థలు శాస్త్రీయ పత్రికలను పొందుతున్నాయి. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకం మూడేళ్లకు రూ. 6,000 కోట్ల వ్యయంతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధనా సంస్థలకు అందిస్తోంది. ఈ ఏర్పాట్లు విద్యా, పరిశోధనా సంస్థల కోసం చేసినవి. ప్రజా గ్రంథాలయంలోని పాఠకుడు వాటి పరిధిలోకి రాడు. అతడు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్నవాడే అయినా, తన ఊరి పంటపై రాసిన పరిశోధన వ్యాసం అతనికి మూసి ఉండవచ్చు.

కనుక వికారాబాద్‌లోని శిక్షణార్థి తన శ్రమలో అధిక భాగాన్ని అందరికీ తెరిచి ఉన్న నిలయాలపై వెచ్చించడం మేలు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలను భద్రపరచే ‘కృషికోశ్’, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నిర్వహించే స్వేచ్ఛా ప్రవేశ నిలయం, ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహణలోని జాతీయ డిజిటల్ గ్రంథాలయం వీటిలో ముఖ్యమైనవి. తాండూరు కంది విషయంలో మరొక మూలం తరచుగా విస్మరణకు గురవుతోంది. చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ తన పత్రికను ఆన్‌లైన్‌లో ఉంచుతుంది. నమోదుకు వచ్చిన ఉత్పత్తి స్వరూపం, సాగు ప్రాంతం, విశిష్టతకు కారణాలు అందులో అధికారికంగా లభిస్తాయి. ‘తాండూరు కంది ప్రత్యేకత ఏమిటి’ అని అడిగిన విద్యార్థికి వార్తాపత్రిక కత్తిరింపు ఇవ్వడం కంటే ఈ పత్రం చూపడం ఉత్తమం.

స్వయం వేదికపై గ్రంథాలయ శాస్త్ర పాఠ్యక్రమాలు ఉచితంగా చదువుకోవచ్చు. ధ్రువపత్రం కోరేవారు పరీక్ష రుసుము చెల్లించాలి. ధ్రువపత్రం ఉద్యోగ దరఖాస్తుకు పనికివస్తుంది. రైతు అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడంలో మాత్రం ఈ కింద చెప్పే పరిజ్ఞానమే అక్కరకు వస్తుంది.

పేర్ల చిక్కు

‘కంది’ అనే రెండక్షరాల మాటను శోధన యంత్రంలో టైపు చేసి చూడమని శిక్షణార్థికి మొదటి అభ్యాసంగా ఇవ్వవచ్చు. పంటతో పాటు సంగారెడ్డి జిల్లాలోని కంది గ్రామం, అక్కడి ఐఐటీ హైదరాబాద్ కూడా ఫలితాలలో చేరతాయి. ఎండకు ముఖం ‘కంది’పోవడం వంటి ప్రయోగాలూ తోడవుతాయి. ఆంగ్లంలో వెతికితే మరొక చిక్కు. మన దేశపు విస్తరణ సాహిత్యంలో ఇది ‘రెడ్ గ్రామ్’, అంతర్జాతీయ పరిశోధనలో ‘పీజియన్‌పీ’, మార్కెట్ నివేదికలలో ‘తుర్’ లేదా ‘అర్హర్’, వృక్షశాస్త్రంలో ‘కజానస్ కజాన్’. వీటిలో ఒక్క పేరుతో వెతికి ‘ఏమీ లేదు’ అని పాఠకుణ్ణి పంపించిన గ్రంథపాలకుడు నిజానికి సమాచారంలో కొంత భాగాన్ని మాత్రమే చూశాడు.

రకాల పేర్లు ఇంకా గమ్మత్తుగా ఉంటాయి. ఎండు తెగులును తట్టుకునే ‘మారుతి’ రకాన్ని ఆ పేరుతోనే వెతికితే కార్ల ధరలు వస్తాయి. ఎండు తెగులును, వెర్రి తెగులును కూడా తట్టుకునే ‘ఆశ’ రకం పేరు భాషలోని అత్యంత సాధారణ పదాలలో ఒకటి. వీటికి ఇక్రిశాట్ ఇచ్చిన సంఖ్యలు – మారుతికి ఐసీపీ 8863, ఆశకు ఐసీపీఎల్ 87119 – తెలిస్తే శోధన సూటిగా గురి చేరుతుంది. అందుకే రకం పేరు పక్కన సంఖ్యను నమోదు చేయడం సూచీకరణలో అలంకారం కాదు, అవసరం.

తెగుళ్ల పేర్ల విషయంలో పొరపాటు కేవలం సమయాన్ని వృథా చేయదు, పంటకే ముప్పు తెస్తుంది. కందిలో ‘ఎండు తెగులు’ నేలలో జీవించే ఫ్యుజేరియం శిలీంధ్రం వల్ల వస్తుంది. వరిలో ‘ఎండాకు తెగులు’ బాక్టీరియా వల్ల వస్తుంది. వినడానికి ఒక్క అక్షరం తేడా; నివారణలో ఏమాత్రం పోలిక లేదు. ఇక రైతులు ‘వెర్రి తెగులు’ అనే వ్యాధి శాస్త్ర సాహిత్యంలో ‘స్టెరిలిటీ మొజాయిక్’గా నమోదై ఉంటుంది. మొక్క లేత ఆకుపచ్చని చిన్న ఆకులతో గుబురుగా పెరుగుతుంది గానీ పూత, కాత పట్టదు. ఇది వైరస్ వ్యాధి. కంటికి కనిపించనంత చిన్నదైన ఒక నల్లి దీనిని వ్యాపింపజేస్తుంది. పాఠకుడు ‘చేను గుబురుగా ఉంది, పూత లేదు’ అని మాత్రమే చెబుతాడు. గ్రంథపాలకుడు దానిని పూత రాలుడుగా భావించి వేరొక కరపత్రం చేతిలో పెడితే, రైతు పనికిరాని మందుకు డబ్బు పోసి ఆ సీజను పోగొట్టుకుంటాడు.

ఈ పని కోసమే నిర్మితమైన సాధనం ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1980ల నుంచి నిర్వహిస్తున్న ‘అగ్రోవాక్’ పదకోశం. ఒక్కొక్క భావనకు అనేక భాషలలో పదాలను జతచేసే ఈ కోశంలో తెలుగు కూడా ఉంది. పంట మొక్కను శాస్త్రీయ నామంతోనూ, దాని ఉత్పత్తిని వాడుక పేరుతోనూ వేర్వేరు భావనలుగా చూపడం ఇందులోని పద్ధతి. సాగుపై ప్రశ్నకు మొదటిది, పప్పు ధర లేదా పోషక విలువపై ప్రశ్నకు రెండవది అనుకూలం. తెలుగు పదాలు అన్ని భావనలకూ లేవు. ఉన్నవి కూడా తాండూరు వైపు రైతు నోట వచ్చే మాటలు కాకపోవచ్చు. ఆ ఖాళీని పూరించడం శిక్షణార్థి చేయగల అసలైన వృత్తిపరమైన కృషి.

పంటలకే కాదు, సంస్థలకూ పేర్లు మారాయి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1996లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమైంది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇటీవల ఆ పేరులోని ‘రాష్ట్ర’ అనే మాట కూడా తొలగింది. రాజేంద్రనగర్ కళాశాలలో 1985లో, 2005లో, 2018లో సమర్పించిన మూడు సిద్ధాంత వ్యాసాలు మూడు విశ్వవిద్యాలయాల కింద కనిపిస్తాయి. అదే విధంగా 2016కు ముందరి పంట విస్తీర్ణపు లెక్కలలో ‘వికారాబాద్ జిల్లా’ అని వెతకడం వ్యర్థం. అవి చాలావరకు రంగారెడ్డి జిల్లా పట్టికలలో ఉన్నాయి.

తెలుగు అక్షరం, యంత్రం చూసే అక్షరం

యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించింది. అయినప్పటికీ తెలుగు వ్యవసాయ మాసపత్రికలు, కరపత్రాలు చాలాకాలం అను వంటి పాత పద్ధతి ఖతులలో కూర్చబడ్డాయి. ఆ పీడీఎఫ్‌ను తెరిచి చూస్తే కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది. యంత్రానికి మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. ‘ఎండు తెగులు’ అని ఎంత వెతికినా ఆ పుట దొరకదు. ఒక వాక్యాన్ని నకలు చేసి వేరే పుటలో అతికిస్తే ఈ తేడా క్షణంలో బయటపడుతుంది. ఈ పరీక్షను శిక్షణార్థి తన గ్రంథాలయంలోని ప్రతి తెలుగు పీడీఎఫ్‌పై జరపాలి.

పాత సంచికలన్నిటినీ తిరిగి టైపు చేయించడం ఏ గ్రంథాలయానికీ శక్యం కాదు. టెసరాక్ట్ వంటి ఉచిత అక్షర గుర్తింపు సాధనాలు తెలుగును చదవగలవు గానీ వత్తుల వద్ద తడబడతాయి. వాటి ఫలితాన్ని సరిచూడక తప్పదు. అంతకంటే తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే మార్గం ఉంది. వ్యాసం శీర్షిక, పంట, సమస్య, సంవత్సరం – ఈ నాలుగింటిని యూనికోడ్ తెలుగులో నమోదు చేస్తే చాలు, పుట లోపలి అక్షరాలు ఎలా ఉన్నా వ్యాసం దొరుకుతుంది.

తెలుగు మాటకు విభక్తులు అతుక్కుంటాయి కనుక ‘కంది’, ‘కందిలో’, ‘కందులు’ యంత్రానికి వేర్వేరు పదాలు. ‘తెగుళ్లు’, ‘తెగుళ్ళు’ సైతం వేరే. పదం చివర నక్షత్రపు గుర్తు పెట్టి వెతకడం కొంతవరకు ఉపకరిస్తుంది. ఏకవచన రూపాన్నే సూచీపదంగా స్థిరపరచడం మరింత నమ్మదగిన పద్ధతి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయ సూచీలో తెలుగు గ్రంథాల శీర్షికలు రోమన్ లిపిలో ప్రత్యేక గుర్తులతో ఉంటాయి. అక్కడి నుంచి నమోదులను తెచ్చుకునేవారు తెలుగు లిపి శీర్షికను అదనంగా చేర్చాలి.

సూచీలో సాధన

న్యూజిలాండ్‌లోని ఒక గ్రామీణ గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ‘కోహా’ తంత్రాంశం సాధనకు అనువైనది. కోహా అంటే మావోరీ భాషలో కానుక అని అర్థం. ఇది ఉచితం. సామాన్యమైన కంప్యూటరులోనూ లైనక్స్‌పై నడుస్తుంది. తాండూరు పరిసరాల కందికి సంబంధించిన కరపత్రాలు, సిద్ధాంత వ్యాసాలు, పత్రికా వ్యాసాలను సేకరించి ఇందులో నమోదు చేయడం ద్వారా శిక్షణార్థి మార్క్ 21 క్షేత్రాలు, విషయ శీర్షికలు, 630తో మొదలయ్యే డ్యూయీ వర్గీకరణ – మూడింటినీ ఒకే పనిలో అభ్యసించవచ్చు. పుస్తకంలోని ఊహాజనిత ఉదాహరణలపై చేసే సాధన కంటే ఇది లాభదాయకం, ఎందుకంటే తయారైన సూచీని మరునాటి నుంచే ఎవరైనా వాడుకోగలరు.

దీనితో పాటు శోధనల చిట్టా ఒకటి ఉంచాలి. పాఠకుడు పలికిన మాట యథాతథంగా, వెతికిన పదాలు, వెతికిన చోట్లు, దొరికినది, దొరకనిది – అన్నీ అందులో చేరాలి. దొరకని శోధనల నమోదు దొరికిన వాటికంటే విలువైనది. ఏ పేరు సూచీలో లేదో అదే చెబుతుంది. పాఠకుని కాలవ్యయాన్ని తగ్గించడం గ్రంథాలయ ధర్మమని 1931 నాటి పంచసూత్రాలలోనే రంగనాథన్ గుర్తించారు. ఒకసారి పడిన శ్రమ రెండవ పాఠకునికి తగ్గేది ఈ చిట్టా వల్లనే.

ఇందులో ఒక హద్దు ఉంది. చేనిలోని తెగులు ఏదో నిర్ణయించడం గ్రంథపాలకుని పని కాదు. ఎండు తెగులు సోకిన కాండాన్ని చీల్చి లోపలి నల్లని చారలను చూసి చెప్పవలసినవారు శాస్త్రవేత్తలు. లక్షణాలకు సరిపోయే పత్రాలను చూపి, మొక్కతో సహా తాండూరు పరిశోధనా స్థానాన్ని గానీ వ్యవసాయ విస్తరణాధికారిని గానీ సంప్రదించమని చెప్పడంతో గ్రంథపాలకుని బాధ్యత తీరుతుంది. శాస్త్రవేత్త తేల్చిన పేరును తిరిగి చిట్టాలో రాసుకుంటే రైతు మాటకు, శాస్త్ర నామానికి మధ్య ధ్రువపడిన లంకె ఒకటి ఏర్పడుతుంది.

కంది జూన్, జూలై మాసాలలో విత్తే పంట. ఎండు తెగులు, వెర్రి తెగులు, కాయతొలుచు పురుగులపై ప్రశ్నలు పూతకు ముందు నుంచే మొదలవుతాయి. ఈ మూడింటికి సంబంధించిన నమోదులు తెలుగు పేరు, ఆంగ్ల నామం, శాస్త్రీయ నామం, స్థానిక వ్యవహారం అనే నాలుగు పేర్లతో ఆగస్టు చివరికల్లా సూచీలో చేరి ఉండాలి.