ఖిల్లా ఘణపూర్: కొండ మీద ఒక ఆదివారం పాఠం



తాజ్‌మహల్ గురించి పది వాక్యాలు తడుముకోకుండా రాసే మన పిల్లలు, అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లే దారిలో కనిపించే కోట గురించి ఒక్క వాక్యం కూడా రాయలేకపోతున్నారు. తప్పు వాళ్లది కాదు. అది పాఠంలో లేదు, మనమూ చెప్పలేదు. ఈ చలికాలంలో ఒక ఆదివారం వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘణపూర్‌కు వెళ్లిరండి. వెళ్లేముందు మీ చిన్నారి నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయించండి: చూసినది, విన్నది, చదివినది. తెలుసుకున్న ప్రతి సంగతినీ ఏదో ఒక గడిలో రాయాలి. ఆ రోజు పాఠమంతా ఇదే.

పేరుతో మొదలుపెట్టండి

'ఖిల్లా' అంటే కోట. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. చివర ఉన్న 'పూర్' సంస్కృతంలోని 'పురం'. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడి పేరు మీద, ఆయన సామంతులైన గోన వంశీయులు ఈ కోట కట్టించారని ఊళ్లో చెబుతారు. అది 'విన్నది' గడిలోకి వెళ్తుంది. గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు పాలించాడన్నది 'చదివినది'. గోన వంశీయుల రాజధాని వర్ధమానపురం. అదే నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాన్. ద్విపదలో రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి ఈ వంశం వాడే.

2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా చూసిన పిల్లలు గోన గన్నారెడ్డి గురించి తప్పకుండా అడుగుతారు. ఆయన పేరుతో అడివి బాపిరాజు నవల కూడా ఉంది. నవలలో, సినిమాలో చరిత్రతో పాటు కల్పన కూడా ఉంటుంది. "అదంతా నిజమేనా నాన్నా?" అంటే వెంటనే అవుననీ కాదనీ చెప్పకండి. "మనకెలా తెలుస్తుంది?" అని తిరిగి అడగండి. రేపు ఫోన్‌లో వచ్చే ప్రతి వార్తనూ అదే ప్రశ్నతో చూడటం వాళ్లకు అలవాటవుతుంది.

రాళ్లను చూడనివ్వండి

కొండల మధ్య నుంచి సాగే గోడ దగ్గర కాసేపు ఆగండి. కట్టినవాళ్లు ఎక్కడ గోడ కట్టారు, ఎక్కడ కొండనే గోడగా వాడుకున్నారు? పిల్లలనే వెతకనివ్వండి. ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న గుండ్లను ఎవరూ పేర్చలేదు. భూమి లోపల ఉన్నప్పుడే పగుళ్లలోకి నీరు దిగి రాయి అంచులు అరిగి గుండ్రబడ్డాయి. తర్వాత పైనున్న మట్టి కొట్టుకుపోయి అవి బయటపడ్డాయి. మన ప్రాంతపు ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

ఒక లెక్క చేయించండి

కొండ మీద నది లేదు. మరి సైనికులు ఏం తాగారు? వాన నీళ్లే ఆధారం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న బండ మీద ఒక సెంటీమీటరు వాన పడితే ఎన్ని లీటర్లు? పిల్లలు లెక్క వేస్తే 1,000 లీటర్లు వస్తుంది. మనిషికి రోజుకు తాగడానికి మూడు లీటర్లనుకుంటే, వంద మందికి మూడు రోజులు సరిపోతాయి. ముట్టడి మూడు నెలలు సాగితే? గోడ ఎంత ముఖ్యమో నీళ్లు నిలిపే గుంట కూడా అంతే ముఖ్యమని అప్పుడు వాళ్లకే తడుతుంది. దిగివచ్చాక గణపసముద్రం చెరువు చూపించండి. 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణకు 'మిషన్ కాకతీయ' అని పేరు ఎందుకు పెట్టిందో అక్కడ నిలబడి చెబితే బాగా అర్థమవుతుంది.

జాగ్రత్తలు

పొద్దున్నే ఎక్కి, ఎండ ముదరకముందే దిగండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు తప్పనిసరి. దారి తెలిసిన ఊరివాళ్లను వెంట తీసుకెళ్లండి. వాన పడిన మర్నాడు బండలు జారతాయి, ఆ రోజు వద్దు. గోడ అంచున సెల్ఫీలు వద్దు. నీటి గుంటల్లోకి దిగనివ్వకండి. రాతి మీద పేర్లు చెక్కితే వందల ఏళ్ల పనితనం చెడిపోతుందని ముందే చెప్పండి.

ఇంటికి వచ్చాక మూడు గళ్లూ కలిసి చదవండి. 'చూసినది' గడి అన్నిటికంటే నిండుగా ఉంటే ప్రయాణం ఫలించినట్టే. ఖాళీగా ఉంటే ఎవరినీ కోప్పడకండి, ఇంకో ఆదివారం మళ్లీ వెళ్లండి. ఆ పేజీని సోమవారం తరగతికి పంపండి. మీ చిన్నారి దాన్ని తన మాటల్లో, తెలుగులోనో ఇంగ్లీషులోనో, తోటివారికి చదివి వినిపిస్తారు.