న్యాయ సలహా: ‘ఎప్పటి నుంచి ఉంటున్నారు?’

మొన్న సాఖర్ పేట నుంచి ఒక మగ్గం కార్మికుడు చంకలో రేకు డబ్బాతో వచ్చాడు. కూతురికి ఇంజినీరింగ్ సీటు కావాలి. దానికి కుల ధ్రువపత్రం కావాలి. షోలాపూర్‌లో తాతల కాలం నుంచి ఉంటున్నట్టు రుజువు తెమ్మన్నారట. “మా తాత ఎప్పుడొచ్చిండో మాకేం ఎరుక సార్? మా నాయిన ఈడనే పుట్టిండు, నేను ఈడనే పుట్టిన. ఇంకేం రుజువు గావాలె?” అని విసుక్కున్నాడు.

డబ్బాలోవన్నీ బల్ల మీద పరిచాం. కరెంటు బిల్లులు, బీమా రసీదులు, రంగు వెలిసిన పెళ్లి పత్రికలు, ఎప్పుడో మూతపడ్డ మిల్లు గేటు పాసు. అన్నిటికంటే అడుగున, ఎనిమిది మడతలు పెట్టిన పసుపుపచ్చ కాగితం. మడతల దగ్గర జల్లెడైపోయింది. మరాఠీలో చేతిరాత. ఆయన తాత మూడో తరగతిలో బడి మానేసినప్పుడు ఇచ్చిన దాఖలా అది. కండెలు చుట్టడానికి ఇంట్లో మనిషి కావాలని మాన్పించారట. మానేసిన ఏడు 1958. కులం గడిలో ‘పద్మశాలి’ అని స్పష్టంగా ఉంది.

ఆయన దాన్ని అవతలికి జరపబోయాడు. మీ అమ్మాయి సీటు ఇందులోనే ఉందని చెప్పాను.

మహారాష్ట్రలో పద్మశాలీలది ‘విశేష్ మాగాస్ ప్రవర్గ్’, అంటే ప్రత్యేక వెనుకబడిన వర్గం. దానికి 2 శాతం రిజర్వేషన్. ఈ వర్గానికీ, ఓబీసీలకూ పత్రం ఇచ్చేటప్పుడు అధికారులు చూసే తేదీ ఒకటుంది: 1967 అక్టోబరు 13. ఆ రోజుకు మీ తండ్రో తాతో మహారాష్ట్రలో కాపురం ఉన్నట్టు కాగితం చూపాలి. ఎస్సీలకు ఆ తేదీ 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21. రుజువు చేసే బరువు అడిగినవాడిదేనని 2000 నాటి రాష్ట్ర కుల ధ్రువపత్రాల చట్టం చెబుతోంది. మనవాళ్లలో చాలామందికి ఆధార్, ఓటరు కార్డు, సొంతిల్లు, పక్కా మరాఠీ అన్నీ ఉంటాయి. ఆ ఒక్క తేదీకి ముందు కాగితం మాత్రం ఉండదు. పత్రం వచ్చినంత మాత్రాన పని అయిపోదు, పరిశీలన సమితి నుంచి ‘వ్యాలిడిటీ’ కూడా తెచ్చుకోవాలి. పిల్లవాడు పదకొండులో చేరిన ఏడే ఆ పని మొదలుపెట్టండి. సీట్ల జాబితా వచ్చాక పరుగెత్తి లాభం లేదు.

షోలాపూర్ తూర్పు భాగంలో పుట్టిన వాళ్లకు ఈ రుజువు అడగడం వింతగా తోస్తుంది. ఈ ఊళ్లో తెలుగు కొత్తది కాదు. 1870లలో ఇక్కడ మొదటి నూలుమిల్లు వచ్చింది, తర్వాత అదే ‘జూనీ మిల్లు’ అయింది. మన నేతగాళ్లు తెలంగాణ నుంచి తరాల తరబడి వస్తూనే ఉన్నారు. వాళ్లు వచ్చింది నిజంగా పరాయి దేశానికే. కరీంనగర్, నల్లగొండ నిజాం ఏలుబడి, షోలాపూర్ ఇంగ్లీషువాళ్ల బొంబాయి రాజ్యం. అక్కడ హాలీ సిక్కా చెల్లితే ఇక్కడ కల్దారు రూపాయి చెల్లేది. ‘దేశం పోయిండు’ అనే మాట మన ముసలమ్మల నోట ఊరికే పుట్టలేదు. ఇప్పుడు దేశం ఒకటే. ఎక్కడైనా తిరగడానికి, ఉండటానికి, పని చేసుకోవడానికి రాజ్యాంగం 19వ అధికరణం హక్కు ఇచ్చింది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆఫీసు కిటికీ ముందు నిలబడగానే అడిగేది పాత ప్రశ్నే: ఎప్పటి నుంచి ఉంటున్నారు?

ఉండే హక్కు వేరు, కోటా హక్కు వేరు. ఇది తేల్చిన కేసు తెలుగువాళ్లదే. తెనాలిలో పుట్టిన ఒక కుర్రాడు తండ్రి ఉద్యోగం వల్ల తొమ్మిదో ఏట బొంబాయి వచ్చి, అక్కడే చదువుకుని, సొంత రాష్ట్రపు ఎస్టీ పత్రంతో మెడికల్ సీటు అడిగాడు. మర్రి చంద్రశేఖర్ రావు కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు మరో రాష్ట్రంలో ఎస్టీ కానక్కర్లేదన్నది తీర్పు సారం. నాకు ఈ తీర్పు మింగుడు పడదు. బండి దిగగానే మనిషి వెనుకబాటు దిగిపోతుందా? అయినా నిలిచి ఉన్నది అదే, 2018లో బీర్ సింగ్ కేసులో కూడా కోర్టు దాన్నే నిలబెట్టింది.

కాబట్టి పదేళ్ల క్రితం సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ టవల్ మగ్గాలు నడిపే తమ్ముళ్లు తెలంగాణ బీసీ-బి పత్రంతో మహారాష్ట్ర కోటా అడిగితే రాదు. కేంద్ర ప్రభుత్వ ఓబీసీ కోటాకు మాత్రం సొంత రాష్ట్రపు పత్రమే పనికొస్తుంది, అందుకని ఊరి తహసీల్దారు దగ్గర అది తీసి ఉంచుకోండి. ‘1967కు ముందు కాగితం నేను పుట్టిస్తా’ అనే ఏజెంట్లు పేట పేటకూ ఉన్నారు. తప్పుడు కుల పత్రం ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు పడే నేరం. సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది, పొందిన లాభం వెనక్కి కట్టాలి. ఏజెంటుకు ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

కొత్తగా వచ్చినవాడికి మొదట కావలసింది ఖోలీ, అంటే అద్దె గది. ఇక్కడ జరిగే మోసం చిన్నదిగా కనిపిస్తుంది. వంద రూపాయల స్టాంపు కాగితం, పదకొండు నెలల అద్దె, నోటరీ ముద్ర, అంతే. పదకొండు నెలలైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఇంటివాడు చెబుతాడు. మహారాష్ట్రలో ఇది తప్పు. 1999 నాటి రాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఎన్ని నెలలదైనా ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి. చేయించే బాధ్యత ఇంటి యజమానిది. చేయించకపోతే అతనికి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకో మేలు కూడా ఉంది: రిజిస్టరు కాని పక్షంలో షరతుల గురించి అద్దెదారు చెప్పిన మాటే చెల్లుతుంది, అది తప్పని ఇంటివాడు రుజువు చేస్తే తప్ప. అద్దె కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి, ఇవ్వడం అతని విధి. తగాదా వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపడం నేరం. అయితే కాగితం మీద ‘లీవ్ అండ్ లైసెన్స్’ అని ఉంటే జాగ్రత్త. గడువు తీరాక ఖాళీ చేయకపోతే రెట్టింపు అద్దె పడుతుంది, ఆ పేరుతో ఉన్న కాగితం అద్దెదారు రక్షణ ఇవ్వదు.

ఇంటివాడితో గొడవ దేనికని ఊరుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఆ రిజిస్టరు కాగితమే రేపు మీ చిరునామా రుజువు, గ్యాసుకూ ఓటుకూ అదే ఆధారం. స్థిరనివాస పత్రం కావాలంటే మహారాష్ట్రలో పదిహేనేళ్ల నివాసం చూపాలి. ఆ పదిహేనేళ్ల లెక్క మీ మొదటి ఖోలీ కాగితంతో మొదలవుతుంది.

రేషన్ సంగతి సులువు. ఊళ్లో కార్డు ఉంటే కొత్తది తీయక్కర్లేదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డు నెంబరు, ఆధార్, వేలిముద్ర ఉంటే ఇక్కడి దుకాణంలోనే మనిషికి ఐదు కిలోల ధాన్యం తీసుకోవచ్చు. మిగిలిన వాటా ఊళ్లో అమ్మానాన్నలు తెచ్చుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం తన ఖర్చుతో విడిగా ఇచ్చిన కార్డుకు ఇది వర్తించదు. మీది ఏదో ముందే కనుక్కోండి.

ఓటు మాత్రం రెండు చోట్ల పనికిరాదు. ఎన్నికలప్పుడు బస్సెక్కి ఊరికి పోయి వేసి వచ్చి, ఇక్కడ కూడా పేరు ఎక్కించుకునేవాళ్లు నాకు తెలుసు. తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది దాకా జైలు పడవచ్చు. ఫారం 8 నింపితే పేరు ఊరి నుంచి ఇక్కడికి మారుతుంది.

పిల్లల బడి దగ్గర ‘టీసీ లేదు, తర్వాత రండి’ అంటే వెనక్కి రాకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందనో, వయసు కాగితం లేదనో ప్రవేశం నిరాకరించకూడదు. చదువు విషయంలో తల్లిదండ్రులు చేసే పెద్ద పొరపాటు తొమ్మిది, పది తరగతుల్లో రాష్ట్రం మార్చడం. తెలంగాణలో మెడికల్ సీటుకు స్థానికుడనిపించుకోవాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అక్కడే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. మహారాష్ట్ర కూడా పది, పన్నెండు ఇక్కడే పాసై ఉండాలంటుంది. సగం అక్కడ, సగం ఇక్కడ చదివిన పిల్ల రెండు చోట్లా పరాయిదవుతుంది. ఈ ఒక్క విషయం తెలియక మంచి మార్కులు వచ్చిన పిల్లలు నా కళ్ల ముందే మిగిలిపోయారు.

కోడళ్లకు ఒక మాట. సిరిసిల్ల, కరీంనగర్ నుంచి షోలాపూర్ ఇళ్లకు కోడళ్లుగా వచ్చినవాళ్లు చాలామంది. పెళ్లితో కులం రాదు, పోదు. మీ కుల పత్రం పుట్టింటి వైపు కాగితాలతోనే, పుట్టింటి రాష్ట్రం నుంచే రావాలి. కానీ ప్రతి పథకానికీ ఇదే పేచీ అనుకోకండి. నెలకు 1,500 రూపాయల లాడకీ బహీణ్ పథకంలో పరాయి రాష్ట్రంలో పుట్టిన కోడలు భర్త జనన పత్రం, బడి దాఖలా లేదా స్థిరనివాస పత్రం చూపితే చాలు. ‘మీరు తెలంగాణ వాళ్లు’ అని కిటికీ దగ్గర ఎవరైనా తిప్పి పంపితే ఆ మాట రాసి ఇవ్వమని అడగండి. రాయమనగానే చాలామందికి నిబంధనలు గుర్తొస్తాయి.

ఇక పని. కార్ఖానాదారు ముందుగా ఇచ్చే డబ్బును మరాఠీలో ఉచల్ అంటారు, మనకు బాకీ. బాకీ తీసుకోవడం తప్పు కాదు. ‘బాకీ తీరేదాకా ఈ మగ్గం వదిలి పోవడానికి లేదు’ అని కట్టడి చేయడం తప్పు. 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం కింద అలాంటి కట్టడి చెల్లదు, వెట్టికి ముడిపెట్టిన ఆ అప్పే రద్దవుతుంది. ఫిర్యాదు కలెక్టరుకు. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలని అందులో ఉంది. మగ్గం మీదికి ఎక్కేముందే అడగండి. పీఎఫ్ నెంబరు ఉంటే కార్ఖానా మారినా, రాష్ట్రం మారినా అదే నెంబరు ఇవ్వండి. మూడు కార్ఖానాల్లో మూడు నెంబర్లు తీసి, అరవయ్యో ఏట ఒక్కటీ గుర్తులేక వచ్చినవాళ్లు ఉన్నారు.

దరఖాస్తు ఇచ్చాక రసీదు లేకుండా కదలకండి. మహారాష్ట్ర సేవా హక్కు చట్టం 2015లో వచ్చింది, ఏ పత్రం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ఆఫీసు బోర్డు మీద రాయాలి. గడువు దాటితే అప్పీలు వేయవచ్చు. కారణం లేకుండా ఆపిన అధికారికి 500 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. రసీదు లేనివాడి దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క.

వకీలుకు డబ్బులు లేవనుకోవద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. మగ్గం కార్మికుడూ, బీడీలు చుట్టే ఆడపడుచూ అందులోకి వస్తారు. జిల్లా కోర్టులోనే న్యాయసేవా సంస్థ ఉంటుంది. ఫోను నెంబరు 15100, ఖర్చు లేదు. మరాఠీ రాయడం రాకపోతే చెప్పండి, వాళ్లే రాసుకుంటారు.

రేకు డబ్బా తెచ్చిన ఆయనకు చివర రెండు మాటలు చెప్పి పంపాను, మీకూ అవే. తాత దాఖలాను లామినేషన్ చేయించకండి. పరిశీలనకు అసలు కాగితం, అసలు సిరా కనిపించాలి. ఆ బడికి వెళ్లి జనరల్ రిజిస్టరులో తాత పేరున్న పేజీకి సంతకం, ముద్ర ఉన్న నకలు ఇప్పుడే తీసుకోండి. పేరు, ఇంటిపేరు, కులం మూడూ మీ కాగితాలతో సరిపోయాయో లేదో అక్కడే చూసుకోండి. బడి మూతపడితే ఆ రిజిస్టరు ఎక్కడికి చేరిందో వెతకడానికే ఒక ఏడు పడుతుంది.