మధుమేహులు – మూత్రపిండ పరీక్షలు

ఆయుర్వేదము ప్రమేహములను ఇరువది విధములుగా విభజించి, మధుమేహమును వాతజములలో చేర్చినది. తీపి గల మూత్రమునకు చీమలు మూగుటను మన ప్రాచీన వైద్యులు గుర్తించిరి. అయితే మధుమేహము మూత్రపిండములను క్షీణింపజేయునప్పుడు తొలిదశలో నొప్పి యుండదు, వాపు యుండదు. పాదములు వాచునాటికి చాల నష్టము జరిగియుండును. ముందుగా తెలుపగలిగినది పరీక్ష యొక్కటే.

భక్తులలో పలువురు “క్రియాటినిన్ 1.0 మాత్రమే, భయము లేదు” అని నిశ్చింతగా నుందురు. ఇది సరికాదు. క్రియాటినిన్ కండరములనుండి పుట్టు వ్యర్థము. కండ తక్కువైన వృద్ధులలో అది తక్కువగానే కనబడును. అందుచే వయస్సును, స్త్రీపురుష భేదమును కూడ లెక్కించి ఇ.జి.ఎఫ్.ఆర్. అను వడపోత సంఖ్యను కట్టుదురు. అదే 1.0 క్రియాటినిన్‌కు ఇరువదియైదేండ్ల యువకునికి ఈ సంఖ్య నూరు దాటును. డెబ్బదియేండ్ల అవ్వకు సుమారు 60 మాత్రమే వచ్చును. ఇది మూడు మాసములకు పైగా 60కి తక్కువగా నిలిచినచో దీర్ఘకాలిక వ్యాధిగా భావింతురు. 15కు తగ్గినచో మూత్రపిండములు విఫలమైనట్లే.

రెండవది మూత్రములో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి. 30 మిల్లీగ్రాములకు లోపల నున్న సాధారణము, 30 నుండి 300 వరకు హెచ్చరిక, ఆపైన తీవ్రము. జ్వరము, మూత్రమున ఇన్‌ఫెక్షన్, అధిక శ్రమ ఉన్నప్పుడు ఇది తాత్కాలికముగా పెరుగవచ్చును. కావున ఒక్క ఫలితము చూచి బెంగపడక, మరల చేయించవలెను.

ఈ రెండును కలిపి చూడవలెను. మన పొరుగున ఎ. కొండూరు తండాలలోను, శ్రీకాకుళము జిల్లా ఉద్దానములోను మూత్రపిండ వ్యాధి ఎన్ని కుటుంబములను కలచివేసినదో ఎరుగుదుము. అక్కడ మధుమేహము లేనివారికిని అది వచ్చినది. అట్టి వ్యాధిలో అల్బుమిన్ అంతగా పోకుండగనే వడపోత తగ్గవచ్చును. ఒక్క పరీక్షతో సరిపుచ్చుకొనరాదనుటకు ఇదియే కారణము.

మధుమేహులు ఏటేట ఈ రెండు పరీక్షలు చేయించుకొనవలెను. రక్తపోటును, చక్కెరను అదుపులో నుంచుకొనవలెను. మెట్లెక్కిన మోకాళ్ళ నొప్పికి దుకాణమున అడిగి నొప్పిమాత్రలు మ్రింగరాదు. ఊరు పేరు లేని భస్మములు, చూర్ణములు సేవింపరాదు. శాస్త్రమును గౌరవించువారు శాస్త్రము తెలియనివాని మందు తినరు. వాంతులు, విరేచనములు పట్టినప్పుడు ఏ మాత్రలు ఆపవలెనో వైద్యుని ముందే అడిగియుంచుకొనవలెను. ఉపవాసదీక్షకు ముందును ఆయన సలహా తప్పదు. మామిడిపండ్ల కాలమున ఒక ముక్కతో తృప్తిపడుట మేలు. రక్తమున పొటాషియము హెచ్చినవారు పండ్లు, కొబ్బరినీళ్ళు ఎంతవరకు తీసికొనదగునో వైద్యునే అడుగవలెను.

పరీక్షాపత్రములను పారవేయక తేదీల వరుసలో దాచి, ప్రతిసారి వైద్యునికి చూపుడు. ఒక సంఖ్యకంటె, ఏటికేడు అది ఎటు సాగుచున్నదో చూచుటయే ముఖ్యము.